వీళ్లు మనుషులు కారా? సన్యాసులకూ దొరలకూ మధ్య అరవై ఏళ్ల తగవు

స్పెయిన్‌లోని బుర్గోస్ నగరంలో 1512 డిసెంబరు 27న ఫెర్డినాండ్ రాజు పేరు మీద ఒక చట్టం వెలువడింది. అట్లాంటిక్ అవతల హిస్పానియోలా దీవిలో, అంటే ఇప్పటి హైతీ, డొమినికన్ రిపబ్లిక్ ఉన్న చోట, ఆదివాసులతో స్పెయిన్ వాళ్లు ఎలా నడుచుకోవాలో అందులో రాశారు. 24వ నిబంధన: ఏ ఆదివాసినీ కర్రతోనో కొరడాతోనో కొట్టకూడదు, ‘కుక్క’ అని పిలవకూడదు, అతని పేరేదో ఆ పేరుతోనే పిలవాలి. 18వ నిబంధన: నాలుగో నెల దాటిన గర్భిణిని గనుల పనికి పంపకూడదు. ఇంకో చోట, ప్రతి ఒక్కరికీ పడుకోవడానికి ఊయల ఇవ్వాలనీ కటిక నేల మీద పడుకోనివ్వకూడదనీ ఉంది.

ఏం చేయొద్దన్నారో చూస్తే అప్పటిదాకా ఏం జరుగుతోందో తెలుస్తుంది. ఊయల సంగతే తీసుకోండి. రెండు గుంజల మధ్య కట్టుకుని పడుకునే నూలు ఊయల ఆ దీవిలోని తైనో ప్రజల సొంత వస్తువు. ఇంగ్లీషువాళ్లు వాడే ‘హమాక్’ అనే మాట కూడా వాళ్ల భాషలోంచి వెళ్లిందే. కొలంబస్ దిగి ఇరవై ఏళ్లు తిరిగేసరికి, వాళ్ల పడక వాళ్లకివ్వండని రాజు చట్టం చేయాల్సి వచ్చింది.

ఈ చట్టం వెనక ఉన్నది చర్చిలో చేసిన ఒక ప్రసంగం. చేసినవాడు ఒక మిషనరీ. దానికి కోపంతో ఊగిపోయినవాళ్లు అతని దేశంవాళ్లే, అతని మతంవాళ్లే. వలస పాలన గురించి మన దగ్గర మాట వస్తే రెండు వాదాలు వినిపిస్తాయి. కత్తి పట్టినవాడూ సిలువ పట్టినవాడూ ఒకే ఓడలో దిగారు కాబట్టి ఇద్దరూ ఒకటే అనేది మొదటిది. మిషనరీలే లేకపోతే ఆదివాసుల తరఫున నోరెత్తేవాడే లేడు అనేది రెండోది. స్పానిష్ అమెరికా తొలి అరవై ఏళ్లను దగ్గర నుంచి చూస్తే ఈ రెండూ నిలబడవు. తగవు జరిగింది, అందులో కొందరు ఉన్నదంతా పణంగా పెట్టారు. కానీ ఆ కొందరిలో కూడా చాలామందికి, ఆదివాసులు స్పెయిన్ చేతికింద ఉండాలా వద్దా అన్నది ప్రశ్నే కాదు. ఎవరి చేతికింద ఉండాలన్నదే పేచీ. ఈ ముడి విప్పాలంటే ముందుగా ఒక మాట తెలియాలి: ఎన్‌కొమియెండా.

జాగీరు అంటే మనకు తెలుసు. ఫలానా గ్రామాల శిస్తు నువ్వు తీసుకో అని ప్రభువు తన మనిషికి రాసిచ్చేవాడు. ఎన్‌కొమియెండాలో రాసిచ్చింది నేలను కాదు, మనుషులను. ఫలానా నాయకుడి కింద ఉన్న ఇంతమందిని నీకు అప్పగిస్తున్నాం, వాళ్ల చాకిరీ నీది అని పత్రం ఇచ్చేవాళ్లు. ఆ మాటకు అర్థమే అప్పగింత. స్పెయిన్ రాణి ఇసబెల్లా 1503లో దీవి గవర్నరుకు పంపిన ఉత్తర్వు చిత్రంగా ఉంటుంది. ఆదివాసులు స్వతంత్రులు, బానిసలు కారు, పనికి కూలి ఇవ్వాలి అంటూనే, పని చేయమని వాళ్లను బలవంతపెట్టవచ్చు అంటుంది. స్వతంత్రుడే, కానీ పిలిచినప్పుడు పోక తప్పదు. మన పల్లెల్లో దీన్ని వెట్టి అంటారు.

ఈ వెట్టికి బదులుగా దొర చేయాల్సింది ఒకటుంది. తనకు అప్పగించిన వాళ్లకు క్రైస్తవం నేర్పించాలి. కాగితం మీద మొత్తం ఏర్పాటు నిలబడింది దాని మీదే. ఆత్మను రక్షిస్తున్నాం కాబట్టి ఒంటి చేత పని చేయించుకుంటున్నాం అన్నది లెక్క. అంటే దొర దగ్గరున్న హక్కుపత్రంలోనే సన్యాసి పని కూడా ఉంది. ఆ సన్యాసి ఎదురు తిరిగి ‘నువ్వు చేస్తున్నది పాపం’ అన్నాడంటే, పత్రం కింద ఉన్న నేల కదిలినట్టే.

దీవిలో జరుగుతున్నది ఇది. మగవాళ్లను నెలల తరబడి ఏటి ఇసుకలో బంగారం కడగడానికి తోలుకుపోయేవాళ్లు. తైనోల ప్రధాన ఆహారం కర్రపెండలం. మట్టిని దిబ్బలుగా పోసి కాండం ముక్కలు నాటి, ఊరిన దుంపను తురిమి, చేదు విషపు రసం పిండేసి, పెనం మీద రొట్టె కాల్చుకునేవాళ్లు. చేతులన్నీ ఏటి దగ్గర ఉంటే దిబ్బలు చూసేవాళ్లు లేరు. 1514లో దొరలకు మనుషులను మళ్లీ పంచినప్పుడు లెక్క తేలింది సుమారు 26 వేల మంది. కొలంబస్ దిగేనాటికి లక్షల్లో ఉన్నారని చరిత్రకారులు ఎక్కువమంది అంటారు. మశూచి ఆ దీవికి చేరింది 1518 చివర్లో. జనాన్ని చంపింది రోగాలేగాని మనుషులు కాదనే వాదన విన్నప్పుడల్లా ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది. రోగాలు తర్వాత కోలుకోలేని దెబ్బ కొట్టాయి. అవి వచ్చేటప్పటికే ఆకలీ చాకిరీ ఊళ్లను చాలావరకు ఖాళీ చేశాయి.

1510లో డొమినికన్ సభ అనే క్రైస్తవ సన్యాసుల సంఘానికి చెందినవాళ్లు కొందరు దీవిలోని శాంటో డొమింగో ఊళ్లో దిగారు. వాళ్లకు పెద్ద పెద్రో దె కొర్దొబా. ఏడాదికి పైగా అన్నీ చూశాక వాళ్లు కూర్చుని ఒక ప్రసంగం రాసుకున్నారు. ఒక్కడి మాట అనుకోకుండా అందరూ సంతకాలు చేశారు. చదివే పని ఆంటొనియో దె మాంటెసినోస్‌కు అప్పగించారు. 1511 డిసెంబరు 21, క్రిస్మస్ ముందరి ఆదివారం. కొలంబస్ కొడుకు, అప్పటి గవర్నరు డియేగో కొలంబస్‌తో సహా ఊళ్లోని పెద్దలంతా వచ్చి కూర్చున్నారు. ఎడారిలో ఎలుగెత్తి పిలిచే గొంతు గురించిన బైబిల్ వాక్యం ఆనాటి పాఠం. ఆ గొంతును నేనే అన్నాడు మాంటెసినోస్.

‘ఏ హక్కుతో, ఏ న్యాయంతో ఈ ప్రజలను ఇంత క్రూరమైన దాస్యంలో ఉంచారు? తిండి పెట్టరు, జబ్బు చేస్తే చూడరు, రోజూ బంగారం కోసం చంపుతున్నారు. వీళ్లు మనుషులు కారా? వీళ్లకు ఆలోచించే ఆత్మ లేదా? మిమ్మల్ని మీరు ప్రేమించుకున్నట్టే వీళ్లనూ ప్రేమించాల్సిన బాధ్యత మీకు లేదా?’

ఈ మాటలు మనకు దక్కింది, స్పెయిన్ నుంచి ఆ దీవికే వచ్చిన బర్తొలొమే దె లాస్ కాసాస్ తర్వాత రాసిన చరిత్రలో. ప్రసంగం ముగిశాక మాంటెసినోస్ తల వంచుకోకుండా దిగి, తమ గడ్డి ఇంటికి వెళ్లిపోయాడట. ఆ పూట అక్కడ తినడానికి నూనె చుక్క లేని ఆకుకూర చారు తప్ప మరేమీ ఉండి ఉండదని కూడా లాస్ కాసాస్ రాశాడు. ఈ చిన్న వివరం నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. దొరల చాకిరీ మీద బతకని వాడికి మాత్రమే ఆ మాట అనడం సాధ్యమైంది.

పెద్దలు ఆ సన్యాసుల ఇంటి మీదికి వెళ్లి, వచ్చే ఆదివారం తప్పు ఒప్పుకోకపోతే మూట సర్దుకుని ఓడెక్కండి అన్నారు. మాకు సర్దుకోవడం పెద్ద పనేం కాదులెండి అని కొర్దొబా జవాబు. వచ్చే ఆదివారం మాంటెసినోస్ మళ్లీ ఎక్కి, అవే మాటలు ఇంకా గట్టిగా చెప్పి, ఇకమీదట మీరు పాపాలు చెప్పుకుని క్షమాపణ పొందే పాపసంకీర్తనం కూడా వినం అన్నాడు. ఆ కాలపు స్పెయిన్ మనిషికి అది చిన్న బెదిరింపు కాదు. చర్చి గురువు దగ్గర పాపక్షమాపణ పొందకుండా చస్తే నరకమే అని నమ్మేవాడు. సన్యాసుల చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే, దాన్నే ఎత్తారు.

దొరలు రాజుకు ఫిర్యాదు చేయడానికి ఒక మనిషిని పంపారు. ఎవరిని? ఇంకో సన్యాసిని. ఫ్రాన్సిస్కన్ సభకు చెందిన అలొన్సో దె ఎస్పినల్ దొరల తరఫున ఓడెక్కాడు. వెనకే మాంటెసినోస్ కూడా వెళ్లి రాజు ముందు తను చూసింది చదివి వినిపించాడు. ఇక్కడే, మొదటి ఏడాదిలోనే, ‘మిషనరీలు ఒక పక్షం, దొరలు ఇంకో పక్షం’ అన్న గీత చెదిరిపోతుంది.

ఆ గొడవ ఫలితమే బుర్గోస్ చట్టం. ఊయల ఇవ్వమంది, ఐదు నెలలు బంగారం తీశాక నలభై రోజులు విశ్రాంతి ఇవ్వమంది, కుక్క అనొద్దంది. ఎన్‌కొమియెండాను మాత్రం అలాగే ఉంచింది. మాంటెసినోస్ అడిగింది ‘ఏ హక్కుతో’ అని. రాజు జవాబిచ్చింది ‘ఎలా’ అన్న ప్రశ్నకు. 1513లో ఆ హక్కు కోసం కూడా ఒక కాగితం పుట్టింది. స్పెయిన్ సైనికులు కొత్త ఊరి మీద పడేముందు దాన్ని పైకి చదవాలి. పోపుగారు ఈ నేలను మా రాజుకిచ్చారు, లొంగిపోండి, లేకపోతే జరగబోయే చావులకు మీరే బాధ్యులు అని అందులో ఉంటుంది. చదివేది స్పానిష్‌లో, వినేవాళ్లకు ఆ భాష రాదు. దీని గురించి రాస్తూ, నవ్వాలో ఏడవాలో తెలియడం లేదన్నాడు లాస్ కాసాస్.

చట్టం దీవి మీద ఎలా నడిచిందో ఒక తైనో మనిషి కథలో కనిపిస్తుంది. ఎన్రికీయో చిన్నప్పటి నుంచీ ఫ్రాన్సిస్కన్ల మఠంలో పెరిగాడు, చదవడం రాయడం నేర్చుకున్నాడు, చర్చిలో పెళ్లి చేసుకున్నాడు. తన ప్రజలతో పాటు అతన్ని ఒక దొరకు అప్పగించారు. ఆ దొర ఇతని గుర్రాన్ని లాక్కున్నాడు, భార్య మెన్సియా మీద చెయ్యి వేశాడు. ఎన్రికీయో చట్టం చెప్పినట్టే చేశాడు. స్థానిక అధికారికి ఫిర్యాదు ఇచ్చాడు, అది పని చేయకపోతే పై కోర్టుకు పోయాడు. అక్కడి నుంచి కాగితం పట్టుకుని వస్తే అది మళ్లీ మొదటి అధికారి దగ్గరికే చేరింది. దాంతో 1519లో తన వాళ్లను తీసుకుని బావొరూకో కొండలెక్కాడు. పద్నాలుగేళ్లు స్పెయిన్ సైన్యం అతన్ని దించలేకపోయింది. 1533లో రాజు తరఫున మనిషి వచ్చి సంధి చేసుకున్నాడు. ఆదివాసుల విముక్తి మాట వచ్చినప్పుడు సన్యాసుల పేర్లే వరసగా చెబుతాం. తన వాళ్లను నిజంగా వెట్టిలోంచి బయటకు తెచ్చుకున్నది ఇతను, ప్రసంగంతో కాదు.

ఇక లాస్ కాసాస్. 1502లో పద్దెనిమిదేళ్ల వయసులో దీవికి వచ్చి, దొరగానే బతికాడు. తర్వాత చర్చి గురువుగా పట్టం తీసుకున్నా ఎన్‌కొమియెండా వదల్లేదు. మాంటెసినోస్ ప్రసంగం తర్వాత కూడా వదల్లేదు. క్యూబా ఆక్రమణకు సైన్యంతో వెళ్లాడు, కవొనావో ఊళ్లో కారణమే లేకుండా జనాన్ని నరకడం కళ్లారా చూశాడు, అయినా క్యూబాలో తన వంతు మనుషులను పుచ్చుకున్నాడు. 1514లో పెంతెకోస్తు పండుగ ప్రసంగం కోసం బైబిల్లోని సీరా జ్ఞానగ్రంథం తిరగేస్తుంటే, పేదవాడి రొట్టె వాడి ప్రాణం, దాన్ని లాక్కునేవాడు హంతకుడు అన్న వాక్యం దగ్గర ఆగిపోయాడు. బహుశా కర్రపెండలం రొట్టె కళ్ల ముందు కదిలి ఉంటుంది. ఆ ఆగస్టు 15న అందరి ముందూ తన మనుషులను వదిలేశాడు. ఆ రోజు నుంచి 1566లో పోయేదాకా, యాభై ఏళ్లకు పైగా ఆయనకు ఇదే పని.

ఆయన చేసిన పెద్ద తప్పును కూడా ఇక్కడే చెప్పాలి. దీవి ప్రజలను కాపాడే తొందరలో, వాళ్లకు బదులు నల్లజాతి బానిసలను తెప్పించండని 1516లో సలహా ఇచ్చాడు. ఆఫ్రికన్ల బానిసత్వం ఆయనతో మొదలు కాలేదు, అంతకుముందే దీవికి బానిసలను తెస్తున్నారు. కానీ ఆ మాట ఆయన అన్నాడు. చాలా ఏళ్ల తర్వాత, వాళ్లను పట్టుకోవడం కూడా ఆదివాసులను పట్టుకోవడమంత అన్యాయమేనని తెలుసుకుని, తన అజ్ఞానానికి దేవుడు క్షమిస్తాడో లేదో అని తన చరిత్రలో తానే రాసుకున్నాడు. ‘వీళ్లు మనుషులు కారా’ అన్న ప్రశ్న ఒక జనం గురించి విన్నవాడికి ఇంకో జనం గురించి వినిపించడానికి అన్నేళ్లు పట్టింది.

రాజులు ఈయన మాట ఎందుకు విన్నారు? భక్తి కొంత ఉంది. లెక్క ఎక్కువ ఉంది. ఎన్‌కొమియెండా తండ్రి నుంచి కొడుక్కి పోతూ ఉంటే, సముద్రం అవతల రాజును లెక్కచేయని దొరల వంశాలు పాతుకుపోతాయి. స్పెయిన్ రాజులు సొంత గడ్డ మీద అలాంటి ప్రభువులతో పోరాడి ఉన్నారు. సన్యాసి ‘దొర చేతిలోంచి ఆదివాసిని తప్పించండి’ అంటే, రాజుకు ‘నీ పన్ను నేరుగా నీకే వస్తుంది’ అని వినపడేది. ఇద్దరి దారీ కొంత దూరం ఒకటే. 1542 నవంబరు 20న చక్రవర్తి ఐదో చార్లెస్ సంతకం చేసిన కొత్త చట్టాలు ఆ దారిలోనివే. ఇకపై ఆదివాసులను బానిసలుగా చేయకూడదు. దొర చనిపోతే ఎన్‌కొమియెండా కొడుక్కి పోదు, రాజుకు పోతుంది.

అప్పటికి స్పెయిన్ చేతికి చిక్కిన పెరూ భగ్గుమంది. అక్కడ గొన్సాలో పిజారో దొరలందరినీ కూడగట్టి తిరగబడ్డాడు. చట్టాలు అమలు చేయడానికి వచ్చిన వైస్రాయి బ్లాస్కో నూన్యెస్ వేలా 1546లో కీటో దగ్గర యుద్ధంలో ఓడాడు, అతని తల నరికారు. మెక్సికోలో రక్తం కారలేదు. అక్కడికొచ్చిన అధికారి చట్టాలను పక్కన పెట్టేశాడు. ఆ పక్కన పెట్టమని అడిగినవాళ్లలో సన్యాసుల సభల పెద్దలు ఉన్నారు, డొమినికన్లు కూడా ఉన్నారు. దొరలు లేకపోతే దేశం నిలవదు, దేశం నిలవకపోతే మతం నిలవదు అని వాళ్ల వాదన. 1545లోనే చార్లెస్ వారసత్వపు నిబంధనను వెనక్కి తీసుకున్నాడు. అదే ఏడు లాస్ కాసాస్ దక్షిణ మెక్సికోలోని చియాపాకు బిషప్‌గా వచ్చి, బానిసలను వదలని వాళ్లకు పాపక్షమాపణ లేదన్నాడు. ఊరు ఆయన మీద తిరగబడింది, ఏడాది తిరక్కుండానే వెళ్లిపోవాల్సి వచ్చింది.

స్పెయిన్‌లోని వయ్యదోలిద్ నగరంలో 1550, 1551లో జరిగిన వాదోపవాదం గురించి చాలామంది వినే ఉంటారు. కొందరు పుట్టుకతోనే బానిసలన్న అరిస్టాటిల్ మాట పట్టుకుని సెపూల్వేద అనే స్పెయిన్ పండితుడు ఆక్రమణను సమర్థించాడు. దానికి ఎదురుగా లాస్ కాసాస్ ఐదు రోజులు తన రాత చదివాడు. న్యాయమూర్తులు ఉమ్మడి తీర్పేదీ ఇవ్వలేదు. 1573లో రాజు ‘ఆక్రమణ’ అన్న మాట వాడొద్దన్నాడు, ‘శాంతి స్థాపన’ అనమన్నాడు. లాస్ కాసాస్ ఒక్కడు మాత్రం వయసు మళ్లాక, అసలు గీత దాటాడు. పెరూను దాని పాత ఏలికలైన ఇన్కాల వారసుడికి తిరిగి ఇచ్చేయాలని 1564లో రాశాడు. మంచి దొర, చెడ్డ దొర అన్న తేడా ఆయనకు అప్పటికి పోయింది.

మిగతావాళ్లకు పోలేదు. మెక్సికో మొదటి బిషప్ సుమారగా పేరు ముందు ‘ఆదివాసుల రక్షకుడు’ అన్న బిరుదు ఉంది. అది ఉత్త బిరుదు కాదు. 1529లో అక్కడి పాలకుడు నూన్యో దె గుస్మాన్ దోపిడీల గురించి రాజుకు రాస్తే ఉత్తరాలు దారిలోనే పట్టుకునేవాళ్లు. ఈయన ఒక నావికుడి చేత రహస్యంగా ఉత్తరం దాటించాడు. ఆ మనిషే 1539లో మతవిచారణాధికారిగా కూర్చుని, పాత దేవుళ్లను వదలలేదన్న నేరం మోపి తెష్కోకో ఆదివాసి నాయకుడు డాన్ కార్లోస్‌ను మంటల్లో కాల్పించాడు. ఈ రెండు పనులకూ మధ్య ఆయనకు వైరుధ్యం కనిపించి ఉండదు. బిడ్డను పరాయివాడు కొడితే అడ్డుపడి, మాట వినకపోతే తానే కొట్టే తండ్రి లాంటి రక్షణ అది. అసలు తానెందుకు తండ్రి అయ్యాడన్నది ఆదివాసిని ఎవరూ అడగలేదు.

మాయా ప్రజల నేల అయిన, ఇప్పటి మెక్సికోలోని యుకటాన్‌లో ఈ కథ పూర్తిగా తిరగబడింది. అక్కడ ఫ్రాన్సిస్కన్ పెద్ద డియేగో దె లాండా. దొరలు మాయా ప్రజలను పెట్టే హింసలను రాసిపెట్టినవాడు, దొరలతో ఎప్పుడూ తగవులో ఉన్నవాడు. 1562లో మానీ అనే ఊరి దగ్గర గుహలో విగ్రహాలు దొరికాయి. లాండా విచారణ మొదలుపెట్టాడు. మనుషులను చేతులు కట్టి వేలాడదీశారు, కొరడాలతో కొట్టారు, ఒంటి మీద మరిగే మైనం పోశారు. వేలమందిని ఇలా విచారించారు, వందమందికి పైగా చనిపోయారు. జూలై 12న విగ్రహాలతో పాటు మాయా అక్షరాల్లో రాసిన పుస్తకాలను కాల్చారు. సైతాను అబద్ధాలు తప్ప వాటిలో ఏమీ లేవు కాబట్టి అన్నీ కాల్చామని, అందుకు వాళ్లు ఆశ్చర్యం కలిగేంతగా బాధపడ్డారని లాండాయే రాశాడు.

ఈసారి ఆదివాసుల తరఫున గొంతెత్తింది దొరలు. తమ పనివాళ్లను సన్యాసులు చంపేస్తున్నారని, జనం అడవుల్లోకి పారిపోతున్నారని ఫిర్యాదు చేశారు. చాకిరీ చేసే చేతులు పోతున్నాయన్న బాధే అందులో ఎక్కువ. కొత్తగా వచ్చిన బిషప్ ఫ్రాన్సిస్కో దె తొరాల్, ఆయన కూడా ఫ్రాన్సిస్కనే, విచారణ ఆపించి చెరలో ఉన్నవాళ్లను విడిపించాడు. లాండా సంజాయిషీ చెప్పుకోవడానికి స్పెయిన్ వెళ్లాడు.

1567 ఫిబ్రవరిలో రాజుకు మాయా నాయకుల పేరుతో కొన్ని ఉత్తరాలు రాశారు. సన్యాసులు మాకు తండ్రుల్లాంటివాళ్లు, లాండాను వెనక్కి పంపండి అని వాటిలో ఉంది. అన్నీ దాదాపు ఒకే మాటలు. రెండు నెలలు తిరక్కుండా, ఏప్రిల్‌లో, ఇంకో ఉత్తరం వెళ్లింది. మానీ పాలకుడు, మరో ముగ్గురు నాయకులు కలిసి సంతకం చేశారు. మానీ పాలకుడిది షియు వంశం, స్పెయిన్ వాళ్లు రాకముందు నుంచీ ఆ నేలనేలిన ఇల్లు. బాప్తిస్మంలో అతనికి పెట్టిన పేరు ఫ్రాన్సిస్కో దె మాంతెహో, ఆ నేలను ఆక్రమించిన సేనాని పేరు. ఆ పేరుతోనే సంతకం చేశాడు.

ఆ మొదటి ఉత్తరాలు మావి కావు అని వాళ్లు రాజుకు చెప్పారు. సన్యాసులే స్పానిష్‌లో రాసి, తమకు కావలసిన కొందరి చేత సంతకాలు పెట్టించారని, ఈ నేలకు పెద్దలమైన మేము అబద్ధాలు రాయమని చెప్పారు. మమ్మల్ని హింసించి చంపిన లాండా, అతని తోటివాళ్లు చేసిన దానికి ప్రాయశ్చిత్తం చేసుకోవాలన్నారు. మా మీద పడిన ఈ కష్టానికి నాలుగో తరం వరకు మా పిల్లలకు పరిహారం రావాలన్నారు.

1573లో లాండా యుకటాన్‌కు తిరిగి వచ్చాడు. ఈసారి బిషప్‌గా.